సాక్షి వామనుడికి కొబ్బరికాయ

ఎన్నో భూకంపాలకు చెక్కుచెదరని గోడ ఒకటి పెరూ దేశంలో ఉంది. దాన్ని కట్టిన రాజులు పోయారు, ఆ రాజులను ఓడించినవాళ్ళూ పోయారు, గోడ మాత్రం అక్కడే ఉంది. అలాంటి గోడను ఒక్క కొబ్బరికాయతో పగలగొట్టిన ఘనుడు మన హైదరాబాదులో, యూసుఫ్‌గూడలో, మూడో అంతస్తులో అద్దెకు ఉండేవాడు. ఆ ఘనుణ్ణి నేనే. పగలగొట్టానని నేను చెప్పుకోవడం కాదు, చూసినవాళ్ళున్నారు. ఆ రోజు నా తలలో నాలుగు వెంట్రుకలు తెల్లబడ్డాయి. అవి వయసుకు వచ్చినవేనని మా ఆవిడ అంటుంది గానీ మీరు నమ్మకండి.

ఈ ఘోరమంతా నేను ఒక చిన్న మాట అనకపోవడం వల్ల జరిగింది. ఆ మాట ‘తెలీదు’. మా ఫిలింనగర్‌లో ఈ మాట చెలామణిలో లేదు. హీరోగారు ఎక్కడున్నారని అడిగితే దారిలో ఉన్నారంటాం. ఆయన ఇంట్లో నిద్రపోతూ ఉండవచ్చు, అది వేరే సంగతి. రేపు వాన పడుతుందా అంటే పడదంటాం. పడ్డాక, ఇదీ ఒక వానేనా అంటాం. అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరిన మొదటి వారంలోనే పైవాళ్ళు నాకు నేర్పిన విద్య ఇది. ‘తెలీదు’ అన్నవాడి కుర్చీలోకి మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి ‘తెలుసు’ అనేవాడు వచ్చి కూర్చుంటాడు. నిజానికి అసిస్టెంట్లకు కుర్చీలే ఉండవు, అది కూడా వేరే సంగతి.

అప్పట్లో నేను చలమయ్యగారి కంపెనీలో ఉన్న ఐదుగురు అసిస్టెంట్లలో ఐదోవాణ్ణి. చలమయ్యగారు నిర్మాత. భీమవరం వైపు మనిషి, జూబ్లీ హిల్స్‌లో ఆఫీసు. మనసు పెద్దది, గొంతు ఇంకా పెద్దది, మనిషి మాత్రం పొట్టి. ఆయన కారులో వెనక కూర్చుంటే, సిగ్నల్ దగ్గర పక్క కార్లవాళ్ళు డ్రైవరొక్కడే వెళ్తున్నాడనుకునేవారు. అందుకని ఆఫీసులో అందరం చాటుగా ఆయన్ను ‘వామనమూర్తి’ అనేవాళ్ళం. ఈ పేరు మీరు కాస్త గుర్తుంచుకోవాలి.

ఆయనకు కొబ్బరికాయ కొట్టనిదే ఏ పనీ మొదలయ్యేది కాదు. సినిమా ఓపెనింగ్‌కు అందరూ కొడతారు. ఈయన కొత్త లెన్సుకు కొట్టించేవారు, కొత్త స్క్రిప్టు ఫైలుకు కొట్టించేవారు, ఆఫీసులో కాఫీ మిషన్ పెట్టిన రోజు దానికీ కొట్టించారు. కొట్టేది నేనే. ఐదోవాడికి అంతకంటే ఏం పని ఇస్తారు? కానీ ఆ పనిలో నాకు పేరొచ్చింది. ఒక్క దెబ్బ, రెండు చిప్పలు, అంచు రంపంతో కోసినట్టు ఉండేది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు అంటారు కదా, మా కంపెనీలో కొబ్బరికాయకే కోతి దొరికింది.

ఇలా ఉండగా మా సినిమాకు ఒక పాత కోట కావలసివచ్చింది. థర్మకోల్‌తో వేసిన నమూనా గోడ మా డైరెక్టర్‌కు నచ్చలేదు. రాళ్ళు రాళ్ళలా లేవు, ఇడ్లీల్లా ఉన్నాయని అలిగి కూర్చున్నాడు. చివరికి ఫోన్‌లో ఎక్కడో వెతికి పెరూలో కొండ మీద ఉన్న ఒక కోట ఫొటో చూపించాడు. ఒక్కో రాయి లారీ అంత ఉంది. చలమయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు.

"ఎవరు కట్టారయ్యా ఇది?"

"ఇంకా రాజులండీ," అన్నాడు డైరెక్టర్.

"ఇంకా రాజుల సంగతి తర్వాత. ముందు రాజులెవరు?"

ఇంకా అన్నది ఆ రాజవంశం పేరని ఆయనకు నచ్చజెప్పడానికి అరగంట పట్టింది. తర్వాత ఆయన కోట పేరేమిటని అడిగారు. డైరెక్టర్ కూడబలుక్కుని ‘సక్సైవామన్’ అని చదివాడు.

గదిలో మాకందరికీ ఆయన చాటు పేరు ఆయన ఎదుటే ఎవరో అనేసినట్టనిపించింది. కానీ చలమయ్యగారి ముఖం వెలిగిపోయింది. "వామన్ అంటే వామనుడేగా?" అంటూ లేచి, బల్ల మీదున్న గ్లోబు తిప్పారు. హైదరాబాదు మీద ఒక వేలు, పెరూ మీద ఒక వేలు పెట్టారు. ఒకటి ఈ పక్క, ఒకటి దాదాపు ఆ పక్క. "వామనుడు బలిచక్రవర్తిని ఎక్కడికి తొక్కాడు? పాతాళానికి. మన కాళ్ళ కింద నుంచి దబ్బనం గుచ్చితే ఎక్కడ తేలుతుంది? ఇదిగో, ఇక్కడ." అని మా అందరి వంకా చూసి, "మరి ఈ సక్సై అంటే ఏంటి?" అన్నారు.

డైరెక్టర్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మిగతా నలుగురు అసిస్టెంట్లు నేలకేసి చూస్తున్నారు. నాకూ తెలీదు కాబట్టి నేనూ నేలకేసి చూడాల్సింది. కానీ నేను నేర్చిన విద్య ఊరుకోనిచ్చిందా?

"సాక్షి అండీ," అన్నాను. "వాళ్ళకు నోరు తిరగక సక్సై అయింది. శ్రీశైలంలో సాక్షి గణపతి ఉన్నట్టు, అక్కడ సాక్షి వామనుడు."

చలమయ్యగారు గ్లోబుకు దణ్ణం పెట్టారు. డైరెక్టరూ కెమెరామనూ వచ్చే నెల వెళ్తారని, ముందు తానే యాత్రికుడిలా వెళ్ళి సాక్షి వామనుడికి కొబ్బరికాయ సమర్పించి వస్తానని ప్రకటించారు. తోడు ప్రొడక్షన్ మేనేజర్ యాదగిరన్న. కాయ కొట్టడానికీ, ఇంగ్లీషు మాట్లాడటానికీ నేను. ఐదోవాడికి పెరూ యోగం పట్టిందని యూసుఫ్‌గూడలో నా గది పక్కనున్న జూనియర్ ఆర్టిస్టులు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

మూడు విమానాలు మారి ఆ కొండల్లోని ఊరికి చేరేసరికి నాకు ఊపిరి అందలేదు. అంత ఎత్తులో గాలి పలచగా ఉంటుందట. హోటలువాళ్ళు ఏవో ఆకులు వేసిన వేడినీళ్ళిచ్చి ‘కోక’ అన్నారు, తాగితే ఆయాసం తగ్గుతుందట. యాదగిరన్న గ్లాసులోకి తొంగి చూశాడు.

"కోక ఉడకబెట్టిన నీళ్ళా తమ్మీ? గీ పట్నంల చీరెలు గూడ తాగుతరా?"

ఆ మర్నాడే కొబ్బరికాయ వేట మొదలైంది. కాయలూ పళ్ళూ ఆ దేశంలోకి తీసుకెళ్ళనివ్వరని ట్రావెల్స్ ఆయన ముందే చెప్పాడు కాబట్టి అక్కడే కొనాలి. వాళ్ళ భాషలో కొబ్బరికాయను కోకో అంటారట. నేను రెండూ కలగలిపి బజారులో ‘కోక, కోక’ అని అడిగాను. ఒకామె సంచీడు ఆకులు పెట్టింది. కాదమ్మా అని, రెండు చేతులూ పైకెత్తి నేలకేసి కొడుతున్నట్టు అభినయించాను. ఆమె పిల్లను వెనక్కి లాక్కుంది. ఇలా నాలుగు దుకాణాల్లో భయోత్పాతం సృష్టించాక ఐదో దుకాణంలో కాయ దొరికింది. తీరా చూస్తే దానికి పిలక లేదు, గుండులా నున్నగా ఉంది. పిలక లేని కాయ దేవుడికి పనికిరాదని చలమయ్యగారు బెంగపడితే, యాదగిరన్న ఒక తాడు ముక్క పీచు పీకి, రబ్బరు బ్యాండుతో పిలక కట్టాడు. ప్రొడక్షన్ మేనేజర్ అంటే అలా ఉండాలి.

కోట చూశాక మాత్రం నేను కాసేపు కొబ్బరికాయను మరిచిపోయాను. ఆ మాట దాచుకోను. కొండ మీద పచ్చిక, పచ్చికలో మెడలు సాచిన లామాలు, వాటి వెనక రంపం పళ్ళలా వంపులు తిరుగుతూ మూడు వరసల గోడ. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయికి రాయి అతికిన చోట గోరు కూడా దూరదు. మా జూబ్లీ హిల్స్‌లోనూ ఎప్పటివో కొండరాళ్ళుండేవి. "గిసొంటి రాళ్ళు మనకాడుంటే ఎప్పుడో పేల్చి విల్లాలు కట్టేటోళ్ళు," అన్నాడు యాదగిరన్న. నాకు నవ్వొచ్చింది, కాస్త సిగ్గూ వేసింది.

మాకు దారి చూపడానికి రోసా అని ఒకమ్మాయి వచ్చింది. ఇంగ్లీషు బాగా మాట్లాడేది. రాళ్ళను ముట్టుకోవద్దని, గోడలెక్కవద్దని మొదటే చెప్పింది. నడుస్తూ నడుస్తూ ఈ పేరుకు వాళ్ళ పాత భాషలో అర్థమేమిటో కూడా చెప్పింది. కడుపు నిండిన డేగ అని చాలామంది చెబుతారట. వామనుడు లేడు, సాక్షి లేడు, ఒక డేగ భోంచేసింది, అంతే.

చలమయ్యగారికి ఇంగ్లీషు అంతంతమాత్రం. "ఏమంటోందయ్యా అమ్మాయి?" అన్నారు.

ఇప్పుడైనా నిజం చెప్పవచ్చు. చెప్పానా? "గరుత్మంతుడు తృప్తిగా కూర్చున్న చోటంటోందండీ," అన్నాను. డేగను గరుత్మంతుణ్ణి చేయడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. విష్ణుమూర్తి వాహనం కూడా అక్కడే ఉందని తెలిసి చలమయ్యగారి కళ్ళు చెమర్చాయి. చెప్పులు విప్పేశారు.

రోసా ఫోన్ మాట్లాడుతూ కాస్త దూరం వెళ్ళింది. చలమయ్యగారు ఒక పెద్ద రాయిని ఎంచుకుని, దాని ముందు చేతులు జోడించి, "కొట్టు" అన్నారు.

"ముట్టుకోవద్దన్నారండీ," అని నసిగాను.

"ముట్టుకోమన్నానా? కొట్టమన్నాను."

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇంత దూరం వచ్చి నా పనితనం చూపించకుండా వెళ్ళడం నాకూ ఇష్టం లేదు. సంచీలోంచి కాయ తీశాను. నీళ్ళు చల్లాను. ఊపిరి బిగించి కొట్టాను. కాయ పగల్లేదు. జీవితంలో మొదటిసారి. గాలి పలచనైతే చేతి బలం కూడా పలచనవుతుందని ఎవరూ చెప్పలేదు. రెండో దెబ్బకీ పగల్లేదు. కాయ పగలకపోవడం అపశకునమని చలమయ్యగారు చెంపలేసుకుంటున్నారు. మూడోసారి నా ముత్తాతల బలం కూడా కలిపి కొట్టాను.

కాయ పగిలింది. నీళ్ళు చిమ్మాయి. దబ్బున రాలిన చిప్పల్ని ఏరడానికి వంగి, అలాగే ఉండిపోయాను. నేను కొట్టిన చోటి నుంచి కింది దాకా రాయి మీద సన్నటి పగులు, వెంట్రుకంత వెడల్పున ఉంది. దాని పక్కనే తెల్లగా చిన్న పెచ్చు ఊడినట్టుంది.

ఎక్కడి నుంచో ఈల వినిపించింది. కాపలా ఆయన పరిగెత్తుకుంటూ వచ్చి మమ్మల్ని చూశాడు, కొబ్బరిచిప్పలు చూశాడు, రాయిని చూశాడు. తన టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు. మనూళ్ళో పాడె ఎదురైతే తలపాగా తీస్తారే, అలా.

మమ్మల్ని గేటు పక్కనున్న గదిలో బెంచీ మీద కూర్చోబెట్టి, పాస్‌పోర్టులు తీసుకున్నారు. రోసా ముఖం పాలిపోయింది. రాళ్ళ సంగతి చూసే అధికారి వస్తారని, రాయి నిజంగా పగిలిందని ఆ అధికారి రాసిస్తే పోలీసులు, కోర్టు, జైలు తప్పవని చెప్పింది. జైలు అనే మాట మూడుసార్లు అంది. నాకు యూసుఫ్‌గూడలో గది, మెస్సులో పప్పుచారు, కిటికీ ఊచకు ఆరేసి వచ్చిన తువ్వాలు గుర్తొచ్చాయి. ఆ తువ్వాలు ఎవరు తీస్తారు?

గంట గడిచింది. చలమయ్యగారు కళ్ళు మూసుకుని ఏదో జపిస్తున్నారు. చెవి పెట్టి విన్నాను. "సాక్షి వామనా, కాపాడు తండ్రీ" అంటున్నారు. నేను పుట్టించిన దేవుడికి నా ఎదుటే, నా కోసమే మొక్కుతున్నారు. ఇక నా వల్ల కాలేదు.

"సార్, ఆ దేవుడు లేడండీ," అన్నాను.

ఆయన కళ్ళు తెరిచారు.

"సాక్షి అనేది నేను కల్పించానండీ. ఆ పేరుకు అర్థం నాకు తెలీదు. ఆ అమ్మాయి చెప్పింది కూడా గరుత్మంతుడని కాదు, డేగ అని. తిండి తిన్న డేగ."

నేను ఫిలింనగర్‌కు వచ్చాక ‘తెలీదు’ అన్నది అదే మొదటిసారి. యాదగిరన్న నిట్టూర్చి, "నాకు మొదటి దినమే సమజైంది సార్," అన్నాడు. "పొల్లగాడు పెరూ చూస్తడు గదా అని ఊకున్న."

చలమయ్యగారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. తిడితే బాగుండుననిపించింది. ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నారు, కానీ ఈసారి పెదవులు కదల్లేదు.

మరో అరగంటకు అధికారి వచ్చింది. నెరిసిన జడ, దుమ్ము పట్టిన బూట్లు, చేతిలో భూతద్దం, చంకలో ఒక లావుపాటి ఫైలు. "రాళ్ళ డాక్టరమ్మ," అని గొణిగాడు యాదగిరన్న. అందరం రాయి దగ్గరికి నడిచాం. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, పగులును పైనుంచి కింది దాకా చూసింది. ఆ చూడటం ఎంతసేపంటే, అంతలో ఒక లామా వచ్చి నా కొబ్బరిచిప్ప వాసన చూసి, నచ్చక వెళ్ళిపోయింది.

తర్వాత ఆమె ఫైలు తెరిచింది. ఆ కోటలో ఒక్కో రాయికి ఒక్కో కాగితం ఉందట. మా రాయి కాగితం తీసింది. దాని మీద పాత ఫొటో ఒకటి అంటించి ఉంది. ఆ ఫొటోలో అదే రాయి, అదే పగులు, అదే వంపు. నేను పుట్టకముందే తీసిన ఫొటో అది.

ఆమె తెల్ల పెచ్చును వేలితో తీసింది. అది రాయిలోంచి రాలేదు, రాయి మీద నుంచి వచ్చింది. వాసన చూసి నా అరచేతిలో పెట్టి, వాళ్ళ భాషలో ఏదో అంది. రోసా నవ్వు ఆపుకుంటూ నాకు ఇంగ్లీషులో చెప్పింది. తెలుగులో అయితే ఇలా ఉంటుంది: "ఇది మా రాయి కాదు బాబూ, మీ కాయ."

నేను పచ్చికలో కూలబడ్డాను. యాదగిరన్న నా పక్కనే కూలబడ్డాడు. ఇద్దరం ఏడుస్తున్నామో నవ్వుతున్నామో లామాలకు కూడా అర్థం కాలేదు. బతికిపోయాం. గోడా బతికింది, నేనూ బతికాను. ఆ పలచటి గాలి అప్పుడు నాకు ఎంత తియ్యగా ఉందో చెప్పలేను.

అయితే డాక్టరమ్మ అంత తేలిగ్గా వదల్లేదు. రాయి మీద పడిన కొబ్బరినీళ్ళను మెత్తటి కుంచెతో, మంచినీటి చుక్కలతో నా చేతే తుడిపించింది. ఆమె పక్కనే నిలబడి ‘మెల్లగా, మెల్లగా’ అంటూ ఉంటే, పసిపిల్ల ముఖం తుడిచినట్టు తుడిచాను. కాయ కొట్టనేల, రాయి కడగనేల అని పెద్దలు చెప్పలేదు గానీ, నన్ను చూసి ఉంటే చెప్పేవారు. తర్వాత ఒక క్షమాపణ పత్రం ఇచ్చింది. పేరు, దేశం, వృత్తి, చేసిన తప్పు అన్నీ రాశాను. ఎందుకు చేశారు అన్న చోట చాలాసేపు ఆగి, ‘తెలియని మాటకు తెలుసని అర్థం చెప్పినందువల్ల’ అని రాశాను. పత్రం అడుగున మరో గీత ఉంది.

"అక్కడ సాక్షి సంతకం చేయాలి," అంది రోసా.

నేను ఆ మాట తెలుగులో చెప్పి నాలుక కరుచుకున్నాను. యాదగిరన్న పెన్ను కోసం చేయి చాపాడు. చలమయ్యగారు ఆ చేతిని పక్కకు తోసి ముందుకొచ్చారు. నేనిచ్చిన షాకు తర్వాత ఆయన నోరు విప్పడం అదే.

"ఆఫీసులో నా వెనక మీరంతా నన్నేమంటారో నాకు తెలీదనుకున్నావా?" అన్నారు.

ఆనాడు ఆఫీసులో చూడని నేలకేసి ఇప్పుడు చూశాను.

"ఇటివ్వు పెన్ను. మూడడుగుల చోటుందేమో చూడు సంతకానికి." ఆయన మునివేళ్ళ మీద లేచి, ఆ ఎత్తైన బల్ల మీద తన పేరు పూర్తిగా రాశారు. "ఇదిగో, సాక్షీ దొరికాడు, వామనుడూ దొరికాడు. నువ్వు చెప్పింది నిజమే అయింది. ఇక ఇంటికి పోదాం పద."

తిరుగు ప్రయాణంలో మూడు విమానాల్లోనూ నన్ను ఉద్యోగంలోంచి ఎప్పుడు తీసేస్తారా అని ఎదురుచూశాను. తీయలేదు. సినిమాకు కోట చివరికి హైదరాబాదులోనే, థర్మకోల్‌తోనే వేశారు. ఈసారి రాళ్ళు ఇడ్లీల్లా లేవు, ఎందుకంటే ఒక రాయి మీద వెంట్రుకంత పగులు నేనే గీశాను. ఆ సెట్ ముందు మొదటి కొబ్బరికాయ కూడా నా చేతే కొట్టించారు. కాకపోతే చలమయ్యగారు కొత్త ఇటుక ఒకటి తెప్పించి, నిన్ననే బట్టీలోంచి వచ్చిందని రెండుసార్లు నిర్ధారించుకున్నాకే సైగ చేశారు.

ఇప్పుడు నాకు కుర్చీ ఉంది. మొన్న జూబ్లీ హిల్స్‌లో ఒక మీటింగులో, ఏదో దేశంలో ఏదో లోయ పేరు చెప్పి, దానికి అర్థమేమిటని ఒక కుర్ర నిర్మాత నన్ను అడిగాడు. నాకు వెంటనే మూడు అర్థాలు తట్టాయి. అందులో రెండింటికి పురాణాధారాలు కూడా ఉన్నాయి. నేను మంచినీళ్ళు తాగి, "తెలీదండీ" అన్నాను. గదిలో అందరూ నా వైపు తిరిగి, నాకు ఒంట్లో బాగాలేదేమో అన్నట్టు చూశారు.

కాబట్టి పాఠకులారా, ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. రాయి అయినా సరే, మాట అయినా సరే, దాని పుట్టుపూర్వోత్తరాలు కనుక్కోకుండా దాని మీద ఈ జన్మలో కొబ్బరికాయ కొట్టను. నా మాట మీద నమ్మకం లేకపోతే పెరూ వెళ్ళి ఫైలు తీయించండి. సాక్షి సంతకం ఉంది.